పత్తి కట్టెకు నిప్పు పెట్టాల్సిందేనా? బోర్డులు చేసే దారి ఉన్నా.. అడ్డం ఇదే!

పల్నాడు జిల్లా వెల్దుర్తి లాంటి పత్తి ప్రాంతాల్లో తీతలు అయిపోయాక చేలో మిగిలేది కట్టె. అలాగే వదిలేస్తే గులాబీ రంగు పురుగు ఎండు కాయల్లో దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. అందుకే కొంత పొయ్యిలోకి పోగా, మిగతాది చాలాచోట్ల తగలబెట్టేస్తున్నారు. ఎకరాకు దాదాపు టన్ను సరుకు బూడిదే!

ఇదే కట్టెతో పార్టికల్ బోర్డులు, ఇంధన గుళికలు చేసే పద్ధతిని ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్ ఎప్పుడో సిద్ధం చేసింది.

మరి సమస్య ఎక్కడ? రవాణాలో. కట్టె బరువు తక్కువ, ట్రాక్టర్‌లో పట్టే చోటు ఎక్కువ. పీకిన కూలి, బండి కిరాయి పోతే రైతుకు మిగిలేదేంటి? నిప్పుకైతే అగ్గిపుల్ల చాలు.

చేలోనే ముక్కలు కొట్టే యంత్రం, దగ్గర్లోనే కొనే కేంద్రం ఉంటేనే ఈ లెక్క మారేది.