పోస్టు ఉంది, పంతులు లేడు

ప్రభుత్వ పాఠశాలల్లో అందరికీ సమాన విద్య అన్న మాట ప్రతి విద్యా సంవత్సరారంభంలోనూ వింటూనే ఉన్నాము. బడి తలుపులు అందరికీ తెరచినంత మాత్రాన సమానత్వం సిద్ధించదు. లోపల ఉపాధ్యాయుడు ఉండాలి. ఆయన చెప్పే పాఠం పిల్లవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఉభయ తెలుగు రాష్ట్రాల ఉర్దూ మాధ్యమ పాఠశాలలు అనేకం ఏళ్ల తరబడి ఉపాధ్యాయుల కొరతతోనే నడుస్తున్నాయి.

ఇందుకు ఒక ముఖ్య కారణం నియామక నిబంధనల్లోనే ఉన్నది. డీఎస్సీలో ప్రకటించే ఉర్దూ మాధ్యమ పోస్టుల్లో కొన్ని రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కేటాయింపబడతాయి. ఉర్దూ మాధ్యమంలో చదివి ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో అత్యధికులు ముస్లింలు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులను తప్ప ఇతరులను ఎస్సీలుగా గుర్తించరు. ఎస్టీలకు మత నిబంధన లేకున్నా, ఉర్దూ మాధ్యమంలో చదివిన గిరిజనులు అరుదు. అభ్యర్థి దొరకని పోస్టు తదుపరి నియామకానికి వాయిదా పడుతుంది; అప్పుడూ అదే తంతు. ఈలోగా ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను ఒక్క గదిలో కూర్చోబెట్టి నెట్టుకొస్తాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయదలిచాము. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లకు మేము వ్యతిరేకులము కాము. తరతరాల అన్యాయానికి రాజ్యాంగం చూపిన పరిహారమది. దళిత, గిరిజన సోదరులకు ఒక్క ఉద్యోగమైనా తగ్గాలని మేము కోరము. నిండని పోస్టు వారికీ అక్కరకు రావడం లేదు కదా! ఆ రోస్టర్ పాయింట్లను అంతే సంఖ్యలో ఇతర మాధ్యమాల పోస్టులకు మార్చి, ఉర్దూ పోస్టులను అర్హులతో నింపేలా నిబంధనలు సవరిస్తే ఇరువర్గాలకూ న్యాయం జరుగుతుంది.

భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించేందుకు కృషి చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ చెబుతున్నది. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. రెండు రాష్ట్రాలూ ఉర్దూకు రెండవ అధికార భాష హోదా ఇచ్చాయి. ఆ హోదా తరగతి గదికి చేరనంతకాలం గెజిట్ కాగితానికే పరిమితం.

ప్రభుత్వాలను అడగడంతో పాటు మనం చేయవలసిందీ ఉన్నది. ప్రతి ఊరిలోని తల్లిదండ్రులు, యువకులు తమ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, అవి ఎప్పటినుండి, ఏ కేటగిరీ కింద నిలిచిపోయాయని సమాచార హక్కు చట్టం కింద జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి దరఖాస్తు చేయాలి. 30 రోజుల్లో సమాధానమివ్వడం వారి బాధ్యత. కార్యాలయాల పనితీరు ఎరిగినవారముగా చెబుతున్నాము: నోటిమాటగా చేసిన విన్నపానికి ఫైలు ఉండదు, నంబరు పడిన దరఖాస్తుకు ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చి శాసనసభ్యుల ముందు ఉంచుదాము. వచ్చే డీఎస్సీ ప్రకటన వెలువడకముందే ఈ పని జరగాలి.