ఇంకిద్దరు దొరికేదాకా

రాత్రి పదిన్నరకు రామగుండంలో రైలు దిగి బయటికొస్తే నాలుగు ఆటోలున్నాయి. "ఖని, ఖని, ఇంకిద్దరు!" అని అరుస్తున్నాడు ఒకతను. వెనక సీట్లో అప్పటికే నలుగురు. డ్రైవర్ పక్కన ఒకాయన ఒక కాలు బయటపెట్టి కూర్చున్నాడు. "ఎక్కు బిడ్డా, సర్దుకుందాం" అంటూ ఓ అవ్వ మూటను ఒళ్లోకి లాక్కుంది. నేనెక్కినా ఇంకొకరు తక్కువే. ఆ ఒక్కరి కోసం ఇరవై నిమిషాలు ఆగాం.

కార్పొరేషన్ పేరు రామగుండం. రైలు ఆగేదీ అక్కడే. జనం ఎక్కువగా ఉండేది మాత్రం గోదావరిఖనిలో. గని ఎక్కడ తవ్వితే అక్కడ కాలనీ లేచింది. అందుకే ఫైవింక్లైన్, ఎయిటింక్లైన్ కాలనీ అంటూ అడ్రసులకూ గనుల నంబర్లే. హైదరాబాద్‌కో కరీంనగర్‌కో పోవాలంటే ఆర్టీసీ బస్సుంది. కాలనీ నుంచి కాలనీకి పోవాలంటే ఎక్కువగా ఆటోయే దిక్కు.

బొగ్గుకు ఈ తిప్పలు లేవు. గనుల నుంచి ఎన్‌టీపీసీకి దానికంటూ ఒక రైలు మార్గమే వేశారు. మెర్రీ గో రౌండ్ అంటారు. బంకర్ కింద వ్యాగన్లు నిండుతాయి. ప్లాంటు దగ్గర వాటి అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు జారిపోతుంది. ఆ బండి మళ్లీ గనికి తిరుగుతుంది. 2600 మెగావాట్ల ప్లాంటు కడుపు ఇలాగే నిండుతోంది. భూగర్భంలో మనిషి గురించీ ఆలోచించారు. కొన్ని బొగ్గుబాయిల్లో మ్యాన్ రైడింగ్ కుర్చీ మీద కూర్చుంటే ఏటవాలు దారిలో పైకి తీసుకొస్తుంది. బాయి గడప దాటాక ఇంటిదాకా పోవడం మాత్రం ఎవడి తంటా వాడిది.

ఆటోలు ఇన్ని ఎందుకయ్యాయో చెప్పడం కష్టం కాదు. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు సంస్థలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. తండ్రికి దొరికిన గని కొలువు కొడుక్కి దొరకకపోతే ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నాడు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. మంచి పనే. ఆ దెబ్బ మాత్రం ఆటో అడ్డా మీద పడింది.

మన ఆటో ఇండోనేషియా దాకా పోయింది తెలుసా? జకార్తాలో దాని పేరే 'బజాయ్'. మనకు జిరాక్స్ ఎలాగో వాళ్లకు బజాజ్ కంపెనీ పేరు అలాగ. ఆ నగరం 2004లో ట్రాన్స్‌జకార్తా బస్సులు మొదలుపెట్టి, తర్వాత సందుల్లో తిరిగే చిన్న వ్యాన్లనూ ఆ వ్యవస్థలో కలుపుకుంది. వాటికిచ్చే డబ్బు తలల లెక్కన కాదు, నడిచిన కిలోమీటర్ల లెక్కన. కాబట్టి బండి నిండేదాకా ఆగాల్సిన పని డ్రైవర్‌కు లేదు.

మన దగ్గర ఆటోల మాట వస్తే ముందు గుర్తొచ్చేది చలానా. నేననేది వేరు. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసమంటూ 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులున్నాయి. షిఫ్టు మారే వేళల్లో, రాత్రి రైళ్లకు పదో ఇరవయ్యో ఆటోలను ఆ డబ్బుతో కిలోమీటర్ లెక్కన నడిపించి చూడొచ్చు. నిబంధనలు అడ్డొస్తాయంటారు. గని కోసం ఊళ్లనే లేపినప్పుడు అడ్డురాని నిబంధనలు ఆటోకు ఎందుకొస్తాయో చెప్పాలి.

ఆ రాత్రి ఖని చౌరస్తాలో అందరం దిగాం. అవ్వ పోవాల్సింది ఎయిటింక్లైన్ కాలనీకి. "అటు రానవ్వా, వచ్చేటప్పుడు ఖాళీగ రావాలె" అన్నాడు డ్రైవర్. అతణ్నేమనగలం? డీజిల్ అతనిదే, కిస్తీ అతనిదే. సెకండ్ షిఫ్టు దిగి వస్తున్న ఒకాయన బైకు ఆపాడు. టిఫిన్ డబ్బాను హ్యాండిల్‌కు తగిలించి, మూటను ట్యాంకు మీద పెట్టుకొని, అవ్వను ఎక్కించుకుపోయాడు.