కార్డును రెండు ముక్కలు చేసే ముందు

‘స్టోరేజ్ ఫుల్’ అని ఫోన్ మొరాయిస్తే మెమరీ కార్డు కొంటాం. కానీ యాప్‌లన్నీ అందులోకి వెళ్లవు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి కార్డును ఫోన్ సొంత మెమరీలో కలుపుకునే వీలుంది. కొన్ని ఫోన్లలో ఆ ఆప్షన్ మెనూలో కనిపించదు. అప్పుడు యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి, ‘ఏడీబీ షెల్’లో కమాండ్ ఇచ్చి చూడొచ్చు.

‘ఎస్ఎం లిస్ట్-డిస్క్స్’ అని కొడితే కార్డు నంబరు వస్తుంది. ‘ఎస్ఎం పార్టిషన్’ అని, ఆ నంబరు వేసి, పక్కన ‘మిక్స్‌డ్ 50’ అంటే కార్డు రెండు ముక్కలవుతుంది. ఒక సగం మామూలు కార్డులాగే ఉంటుంది, రెండోది యాప్‌లకి.

ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, ఎంటర్ నొక్కగానే కార్డులో ఉన్నదంతా పోతుంది, ‘నిజంగానా?’ అని కూడా అడగదు. రెండు, యాప్‌ల సగానికి ఫోన్ తాళం వేస్తుంది. తాళంచెవి ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ చచ్చినా, ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఆ సగం ఇక తెరుచుకోదు.

మొన్న మా పిన్ని ‘కాస్త జాగా చేసిపెట్టరా’ అని ఫోన్ ఇచ్చింది. కార్డులో చనిపోయిన బాబాయి ఫోటోలున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ముందు వాటిని కంప్యూటర్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అన్నీ తెరుచుకుంటున్నాయని చూశాకే కమాండ్ కొట్టాను. తర్వాత ఫోటోలు మామూలు సగంలోనే పెట్టాను. రేపు ఫోన్ పాడైనా కార్డు తీసి కంప్యూటర్‌లో చూసుకోవచ్చు.

మీరూ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌కి ఈ పని చేస్తుంటే, కార్డులో ఏమున్నాయో ముందు వాళ్లనే అడగండి.