రంగు తర్వాత వేయిద్దాం, ముందు బ్రేకులు చూపిద్దాం

మా నిజామాబాద్, బోధన్ వైపు పాత బండ్ల మీద ఓ రకమైన మమకారం ఉంటుంది. చెరకు బాగా పండిన రోజుల్లో కొన్న జీపో, వెనక డబ్బా కట్టించిన పికప్పో ఇప్పటికీ కొన్ని ఇళ్ల ముందు వేపచెట్టు కింద కనిపిస్తుంది. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. చెరకు తోటలు తగ్గి వరి పెరిగింది. బండి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. "బాపు కొన్న బండి, ఎట్ల అమ్ముతం?" అంటారు. ఆ మాట నాకూ అర్థమవుతుంది. అమ్మేయమని నేను అనను.

నేననేది ఒక్కటే. రోడ్డెక్కే పాత బండికి పెట్టే మొదటి రూపాయి బ్రేకులకు పెట్టాలి. సీటు కవర్లు, పాటల పెట్టె, మెరిసే రంగు అన్నీ ఆ తర్వాతే. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇలాంటి బండ్లను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఇంకో మాట కూడా ఉంది. ఈ సంగతి ఇంటి ఆడవాళ్లకు తెలిసి ఉండాలి.

"బండి సంగతి మీకెందుకు?" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఎందుకంటే పక్క సీట్లో ఒళ్లో బిడ్డను పెట్టుకుని కూర్చునేది మనమే. లింబాద్రిగుట్ట జాతరకో, చుట్టాల పెళ్లికో అందరూ డబ్బాలో ఎక్కి కూర్చుంటే వద్దనలేక ఊరుకునేదీ మనమే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోదని తెలిసీ ఎక్కుతున్నారు. అందుకే అడిగే హక్కు మనకుంది. స్పానర్ పట్టాల్సిన పని లేదు, అడగాల్సిన నాలుగు ప్రశ్నలు తెలిస్తే చాలు.

ఇంతకీ ఆ బ్రేకు పనిచేసే తీరు పెద్ద రహస్యమేమీ కాదు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను సన్నటి పైపుల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి ప్రతి చక్రం దగ్గరున్న చిన్న సిలిండర్ విచ్చుకుని, బ్రేక్ షూలను తిరిగే డ్రమ్ముకు ఒత్తుతుంది. కొత్త బండ్లలో ఈ ఆయిల్ దారి రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి పోయినా ఇంకొకటి కొంత ఆదుకుంటుంది. బాగా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ దారి ఒక్కటే. ఎక్కడో ఒక రబ్బరు పైపు పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. పాత బండిని కొత్త బండిలాగే నడుపుతానంటే నేను ఒప్పుకోనిది ఇందుకే.

బండి జబ్బు ముందే చెబుతుంది. వినేవాళ్లుండాలి, అంతే. పెడల్ స్పాంజిలా మెత్తగా దిగితే పైపుల్లో గాలి చేరిందన్నమాట. మొదటిసారి లోపలికి పోయి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకి లేస్తే, చాలావరకు షూలు అరిగి డ్రమ్ముకు దూరమయ్యాయని అర్థం. వాటిని సరిచేయించాలి, మరీ అరిగితే మార్పించాలి. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోందా? అయితే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయి ఉండాలి, లేదా ఎక్కడో ఆయిల్ కారుతూ ఉండాలి. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగితే, రెండో పక్క చక్రం సరిగ్గా పట్టడం లేదన్నమాట. అక్కడ సిలిండర్ పట్టేసి ఉండొచ్చు, షూ మీద ఆయిల్ పడి ఉండొచ్చు. గరగరమని ఇనుము గీరిన చప్పుడు వస్తే లైనింగ్ అరిగిపోయి రివిట్లు డ్రమ్మును కోస్తున్నాయేమో చూపించాలి.

ఇన్ని చెప్పినా మగవాళ్ల నోట వచ్చే మాట ఒకటుంది: "ఏం కాదు, పంపింగ్ చేస్తే పడుతది." మన ఇళ్లల్లో నాకు అన్నిటికంటే భయమేసే మాట ఇది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. మూడుసార్లు తొక్కేలోపు ఎడపల్లి దగ్గర రోడ్డు దాటే గొర్రెల మంద మధ్యలో ఉంటాం. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. వెనక పది బస్తాల వడ్లుంటే ఇంకా ఎక్కువ. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద టైర్లు జారే సంగతి చెప్పనే అక్కర్లేదు.

బ్రేక్ ఆయిల్ విషయంలో చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. మూత సరిగ్గా లేని ఉప్పు డబ్బా వానాకాలం ఏమవుతుందో మనకు తెలుసు. ఈ ఆయిల్ కూడా అంతే, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరాక 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. గుట్ట దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. ఆయిల్ మరిగి ఆవిరి పుడితే పెడల్ ఉత్తిగా లోపలికి పోతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పెద్దలు చెప్పేవాళ్లు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్పించాలి. తగ్గిందని ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి. పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్ కాళ్ల కింద ఉంటుంది కాబట్టి, మూత తీసేముందు చుట్టూ ఉన్న దుమ్మూ మట్టీ తుడవాలి.

గాలి తీసే పనికి ఇద్దరు కావాలి. అక్కడ మనల్నే పిలుస్తారు, "కొంచెం పెడల్ తొక్కు" అని. మన బండ్లకు స్టీరింగ్ కుడిపక్క కాబట్టి మామూలుగా అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెడతారు. కింద ఉన్న మనిషి నిప్పుల్ బిగించానని చెప్పేదాకా కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. బండిని జాకీ మీద లేపేముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించండి. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు, ఇంజన్ నుంచి వెనక్కి పోయే షాఫ్టును పడుతుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తే ఆ పట్టు లేనట్టే.

డ్రమ్ము విప్పినప్పుడు వచ్చే నల్లటి దుమ్మును షెడ్డులో గాలి కొట్టి ఎగరేస్తారు. అది వద్దని చెప్పండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఆ బట్టలు దులిపి ఉతికేది కూడా మనమే కదా. దులపకుండా తడిపి, విడిగా ఉతకండి.

"ఫిట్‌నెస్ కాయితం ఉందిగా" అని ఒక వాదన. సొంత బండిగా రిజిస్టరైన జీపుకు పదిహేనేళ్లు దాటాక, రెన్యువల్ అయిదేళ్లకోసారి. ఆ అయిదేళ్లూ షూలు అరగకుండా ఆగవు. కాయితం ఆ రోజు సంగతి చెబుతుంది, ఈ రోజు సంగతి పెడల్ చెబుతుంది. ఖర్చు మాటంటారా, కారే సిలిండర్ రబ్బర్లు మార్పించే ఖర్చును బండికి వేయించే రంగు ఖర్చు పక్కన పెట్టి చూడండి. ఎందులో తగ్గించుకోవాలో మీకే తెలుస్తుంది.

పాలవాడి లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ రాసుకునే క్యాలెండర్‌లోనే బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ కూడా రాయండి. దసరాకు బండి కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఈసారి పండగకు ఓ వారం ముందే బండిని షెడ్డుకు పంపి నాలుగు డ్రమ్ములూ విప్పించండి. ఏం మార్చారో అడిగి తెలుసుకోండి. దండ ఆ తర్వాత వేయొచ్చు.