మా ఒళ్ళు గట్టిదని చెప్పిందెవరు?

మా ఆడవాళ్ళ గురించి ఒక కథ ఈ దేశంలో ఎప్పట్నించో నడుస్తోంది. పొద్దున నాటుకు పోతుందట. మధ్యాహ్నం గట్టు మీద కంటుందట. బొడ్డు కోసి, బిడ్డను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో వేసి, సాయంత్రానికి మళ్ళా బురదలో దిగుతుందట. ఈ కథను దొరలు చెప్పారు. డాక్టర్లు చెప్పారు. శ్రమను కీర్తిస్తున్నామనుకుని అభ్యుదయ కవులూ చెప్పారు. నేనడుగుతున్నాను. ఆ సాయంత్రం ఆమె పొలంలోకి ఎందుకు దిగింది? ఒళ్ళు గట్టిదని దిగిందా, దిగకపోతే కైకిలి రాదని దిగిందా?

మా అమ్మ అట్లాగే కన్నది. ఐదుగుర్ని కంటే ముగ్గురం బతికాం. ఆమె గట్టితనానికి సాక్ష్యం కావాలంటే నేనిస్తాను. ఆమె గర్భసంచి జారింది. ఇరవై ఏళ్ళు గుడ్డ కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, నడుం వంచి కలుపు తీసింది. పచ్చి బాలింత బరువులు మోస్తే ఏమవుతుందో ఆమె ఒళ్ళు చూస్తే తెలుస్తుంది. మీరు దాన్ని గట్టితనమన్నారు. మేం దాన్ని గోస అంటాం.

ఈ గోసను మేం ఇవ్వాళ కొత్తగా చెప్పడం లేదు. 1855లో పూణెలో, జోతిబా, సావిత్రిబాయి ఫూలేల బడిలో చదువుకున్న పద్నాలుగేళ్ళ మాంగ్ పిల్ల ముక్తా సాల్వే ఒక వ్యాసం రాసింది. అది జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. ఇంటి మీద కప్పు కూడా లేని మా ఆడవాళ్ళు కాన్పు వేళ వానకూ చలికీ ఎట్లా అల్లాడుతారో అందులో రాసింది. మాకు బడి దొరికిన తొలినాళ్ళలోనే మా పిల్ల రాసిన మాటల్లో కాన్పు నొప్పి ఉంది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్ మాట్లాడాడు. కాన్పుకు ముందు తల్లికి విశ్రాంతి దొరకడం జాతికే అవసరమన్నాడు. మా ఒళ్ళు గట్టిదని మాత్రం ఆయన అనలేదు.

గట్టు మీద పుట్టిన ఆ కథ నాతోపాటు కాన్పుగదిలోకి కూడా వచ్చింది. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీని. సర్కారు బళ్ళో టీచర్ని. నెలనెలా జీతం, కాన్పుకు ఆరు నెలల సెలవు ఉన్నదాన్ని. 2018లో మొదటి కాన్పుకు పోయిన దవాఖానలో ఇవేవీ నా వెంట రాలేదు. మా అమ్మను చూసి, ఏ ఊరు, ఊర్లో ఎటువైపు అని అడిగారు. అంతే, అర్థమైపోయింది. ఇరవై రెండు గంటలు నొప్పులు పడ్డాను. సెలైన్లో నొప్పుల మందెక్కించారు. సూది ఏదన్నా ఇవ్వండి, తట్టుకోలేకపోతున్నా అంటే, "మీ ఆడోళ్ళకు ఇవన్నీ అలవాటేగా, మీకెందుకు సూదులు" అని నవ్వింది ఒకామె. అరిస్తే తొడ మీద కొట్టింది. "మొగుని దగ్గర పండుకున్ననాడు తెల్వదా" అన్నది. ఈ మాట తెలుగునాట ఎంతమంది విన్నారో మీ ఇంట్లో వాళ్ళనే అడిగి చూడండి.

తల బయటికొచ్చింది, భుజాలు ఇరుక్కున్నాయి. మత్తు సూది లేకుండానే కింద కత్తిరించారు. ఒకాయన స్టూలెక్కి రెండు చేతులతో నా కడుపు మీద నొక్కాడు. కడుపు మీద అట్లా నొక్కకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే, కాన్పుల మీద ఇచ్చిన సూచనల్లో రాసింది. కత్తిరింపు అందరికీ అలవాటుగా చేయొద్దనీ రాసింది. మా కాన్పుగదికి ఆ కాగితం రాలేదు. పాప కుడిచెయ్యి ఆరు నెలలు సరిగా లేవలేదు. నాకు మలద్వారం చుట్టూ బిగించి ఉంచే కండరం దాకా చిరిగింది. కుట్లేశారు. చిరిగిందని మాత్రం నాకు చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో "నార్మల్ డెలివరీ" అని రాశారు.

నార్మల్ అంటే ఏమిటో ఆ తర్వాత నాలుగేళ్ళు తెలిసింది. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పేదాన్ని నేను. గాలి ఆగేది కాదు. ఒక్కోరోజు విరేచనం కూడా ఆగేది కాదు. బ్లాక్ బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక పిల్లలు ముక్కు మూసుకున్న చప్పుడు వినిపించేది. టీచర్లకు తాళమేసిన ఒక్క మరుగుదొడ్డి, దాని తాళం హెడ్మాస్టరు దగ్గర. చిన్నప్పుడు బళ్ళో నా పక్కన కూర్చోవడానికి తోలు వాసనని జరిగిన పిల్లలున్నారు. ఆ మాటను దాటడానికే చదివాను, ఉతికిన చీర కట్టాను, డిగ్రీ తెచ్చుకున్నాను. లేని వాసనను కులం నాకు అంటగట్టింది. కాన్పుగది దాన్ని నిజం చేసి పంపింది.

2022లో రెండోసారి నెల తప్పినప్పుడు నేనొకటే అనుకున్నాను. ఈసారి ముందే తేదీ పెట్టుకుని సిజేరియన్ చేయించుకుంటాను. మా ఊళ్ళో దాన్ని పెద్దాపరేషన్ అంటారు. అప్పుడు చూడాలి, ఎంతమందికి నా ఒంటి మీద హక్కుందో!

మా అత్త, "కోసుకుంటే బరువు లేపలేవు బిడ్డా, ఇక పనికి పనికిరావు" అన్నది. ఆమె భయం నాకర్థమైంది. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటి భయమది. ఆమెతో నాకు పేచీ లేదు. చూపించుకున్న డాక్టరమ్మ మొదటి కాన్పు కాగితం చూసి, "నార్మలే అయిందిగా, మళ్ళీ నార్మలే అవుతుంది. మీ వాళ్ళు గట్టోళ్ళు" అన్నది. నేను చెప్పబోతే వినలేదు. అదేరోజు అదే దవాఖాన పై అంతస్తులో రోహిణీ నక్షత్రం ఉదయం ఎన్ని గంటలకని పంతులుకు ఫోన్లు నడుస్తున్నాయి. ముహూర్తానికి కోస్తే అది సంప్రదాయం. చిరిగిన ఒళ్ళు ఇంకోసారి చిరగొద్దని అడిగితే అది గారాబం.

మూడోవాళ్ళు నా మిత్రులు. సభల్లో నా పక్కన కూర్చునేవాళ్ళు. సిజేరియన్ కార్పొరేట్ దోపిడీ అన్నారు. సహజంగా కనడం స్త్రీ శక్తి అన్నారు. మంత్రసానుల జ్ఞానాన్ని పోగొట్టుకున్నామన్నారు. మంత్రసాని గురించి నాకు చెప్పొద్దు. మా అమ్మమ్మ మంత్రసాని. దొర ఇంట్లో నెత్తుటి గుడ్డలు పిండి, మాయ పాతిపెట్టి, బిడ్డకు తొలిస్నానం పోసేది. పదకొండో రోజు పురుడు తీరాక ఆమె తిరిగిన చోటల్లా పసుపునీళ్ళు చల్లేవాళ్ళు. ఆమెకు జ్ఞానముంది, నిజమే. ఆ జ్ఞానంలో మొదటి పాఠమేంటో తెలుసా? బిడ్డ అడ్డం తిరిగితే తన చేతుల్లో లేదని, బండి కట్టమని చెప్పడం. దొరసానికైతే బండి కట్టేవాళ్ళు. మా వాడలో బండి లేదు. అందుకే మా వాడలో తల్లీబిడ్డా పోయిన కాన్పులు అమ్మమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టేది. సహజం అంటే అదీ.

మిత్రులు చెప్పే లెక్క నాకూ తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు దవాఖానల్లో 81.5, సర్కారీలో 44.5. ఇది దోపిడీయే. ఇందులో డబ్బుంది, ముహూర్తముంది, రాత్రంతా నొప్పుల దగ్గర కూర్చునే ఓపిక లేకపోవడముంది. అక్కర లేకుండా కోసిన ప్రతి ఆడదాని తరఫునా నేను మాట్లాడతాను. కానీ ఆ లెక్క తగ్గించే భారం ఎవరి మీద పడుతుందో చూడండి. ఎదురు మాట్లాడలేనివాళ్ళ మీద పడుతుంది. 1985లో నూటికి 10 నుంచి 15 చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే 2015లో ఒక సంఖ్య కోసం పాకులాడొద్దని, అవసరమైన ప్రతి స్త్రీకీ సిజేరియన్ అందేలా చూడమని చెప్పింది. అడగకుండా కోయడం, అడిగినా కోయకపోవడం ఒకటే జబ్బు. రెండిట్లోనూ ఆడదాన్ని అడిగింది లేదు.

ఇంకో మాట. మా వాడల్లో ఆపరేషన్ అంటే ఏమిటో తెలుసా? పిల్లలు కాకుండా చేసేది. దానికి మాత్రం మా ఒళ్ళు గట్టిదా కాదా అని ఎవరూ చూడరు. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి ఆ ఆపరేషనైంది. మగవాళ్ళకు చేసేది దానికన్నా తేలికైనదైనా కోత మాత్రం మాకే. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మందికి చేశారు. నలుగురు చనిపోయారు. లెక్క నిండడానికి మా కడుపు కోయొచ్చు. మా బాధ తగ్గడానికి మాత్రం కోయకూడదు!

నల్లజాతి ఆడవాళ్ళకు ఈ కథ తెలుసు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో 1845 నుంచి 1849 దాకా మేరియన్ సిమ్స్ అనే డాక్టరు బానిస స్త్రీల మీద ఆపరేషన్లు నేర్చుకున్నాడు. అనార్కా అనే పిల్ల మూడురోజులు నొప్పులు పడి, ఒళ్ళు చిరిగి, మలమూత్రాలు ఆగని స్థితికొచ్చింది. ఆమెను ముప్ఫైసార్లు కోశాడు. 1846లో ఈథర్ మత్తు లోకానికి తెలిసినా ఆమెకు మత్తివ్వలేదు. ఆయన్ని ఆధునిక స్త్రీ వైద్యానికి పితామహుడన్నారు, న్యూయార్కులో విగ్రహం పెట్టారు. 2018లో దాన్ని సెంట్రల్ పార్కు నుంచి తీయించారు. అనార్కా నా అక్క. ఆమె నొప్పికీ నా నొప్పికీ మధ్య సముద్రాలున్నాయి గానీ, రెండిటికీ దొరికిన జవాబు ఒకటే. వీళ్ళు తట్టుకుంటారు.

నేను తట్టుకోనని చెప్పాను. మూడో దవాఖాన దాకా తిరిగాను. అక్కడ ఒక డాక్టరు నన్ను పరీక్ష చేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏం చిరిగిందో బొమ్మ గీసి చూపింది. మొదటి కాన్పైన నాలుగేళ్ళకు! ఇట్లా చిరిగి ఇంకా ఇబ్బంది పడుతున్నవాళ్ళకు వచ్చే కాన్పులో సిజేరియన్ ఎంచుకునే అవకాశమివ్వాలని బ్రిటన్‌లో కాన్పు డాక్టర్ల రాయల్ కాలేజీ సూచనల్లోనే ఉందని చెప్పింది. కష్టాలూ దాచలేదు. నెత్తురు పోవచ్చు, కుట్లు చీము పట్టొచ్చు, కాళ్ళలో నెత్తురు గడ్డకట్టొచ్చు. మళ్ళీ నిలిస్తే మాయ పాత కోత మీద అతుక్కునే ప్రమాదముంది. "ఆలోచించుకుని చెప్పమ్మా" అన్నది. ముప్ఫైమూడేళ్ళ జీవితంలో ఒక దవాఖాన నన్ను ఆలోచించుకోమనడం అదే మొదలు. ఆలోచించుకున్నాను. ముప్ఫైతొమ్మిది వారాలు నిండాక, నడుములో మత్తు సూదితో, మెలకువగా కన్నాను. కోత పెట్టేముందు గిల్లి, "తెలుస్తుందా" అని అడిగారు. కుట్లు మూడు వారాలు సలిపాయి. పాత చిరుగు పూర్తిగా మానలేదు. ఇంకా ముదరలేదు, అంతే. ఆ అంత కోసమే నేను పోట్లాడింది.

ఇది డాక్టరు దయ కాదు, చట్టం. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చేసేదేమిటో, చేయకపోతే ఏమిటో, వేరే దారులేమిటో, వాటి ప్రమాదాలేమిటో రోగికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పరీక్ష కోసం మత్తిచ్చి, మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి తీసేసిన కేసది. 2017లో మొదలైన "లక్ష్య" కార్యక్రమం కాన్పుగదిలో ఆడతోడు ఉండొచ్చని, గౌరవంగా చూడాలని చెబుతోంది. ఇవన్నీ మాకోసం రాసినవే. మా దాకా రావు, అంతే.

కాబట్టి అడుగుతున్నాం. ప్రతి కాన్పుగదిలో మా మనిషి ఒకరుండాలి. కొట్టిన చెయ్యి, కులం ఎత్తిన నోరు శిక్షపడాలి. చిరిగితే చిరిగిందని డిశ్చార్జి కాగితంలో తెలుగులో రాయాలి. నొప్పి తగ్గే సూది సర్కారు దవాఖానలో అడిగిన ప్రతి తల్లికీ దొరకాలి. మొదటి కాన్పు ఒళ్ళు చీల్చినప్పుడు రెండోదాంట్లో ఏది కావాలో ఆమే తేల్చుకోవాలి. నార్మల్ కావాలన్నా మా ఇష్టం, కోత కావాలన్నా మా ఇష్టం.

చదువుకుంటున్న చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మ పక్కన కూర్చుని అడగండి. నన్నెట్లా కన్నవమ్మా, నీకు ఎక్కడ చిరిగింది, ఎవరేమన్నరు, ఇప్పటికీ ఏం దాచుకుంటున్నవు అని అడగండి. సిగ్గుపడి తిడుతుంది. మళ్ళీ అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, తారీఖు వేసి దాచండి. మా వాడల్లో లక్షల కాన్పులకు ఒక్క కేస్ షీటు లేదు. అవి మనమే రాయాలి.