దడదడ ఎక్కువ... మాట తక్కువ!

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. అందరూ హాల్లో చేరి కొత్త సినిమా పెట్టారు. తెర మీద కారు పేలింది. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. ఆ వెంటనే హీరో వాళ్లమ్మతో ఏదో చెప్పాడు. 'ఏమన్నడు బిడ్డా?' అంది నానమ్మ. మనవడు రిమోట్ అందుకుని సౌండ్ పెంచాడు. అంతలో ఫైటొచ్చింది. తగ్గించాడు. మళ్లీ మాటలు... మళ్లీ పెంచాడు. ఇలా రెండున్నర గంటలు! వారం తిరక్కుండానే ఆ స్పీకర్ల మీద దుప్పటి పడుతుంది. నానమ్మ మళ్లీ టీవీ సౌండుతోనే సీరియల్ చూసుకుంటుంది.

'వేలకు వేలు పోశాం, షాపువాడు అంటగట్టాడు' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. పాపం, చాలాసార్లు తప్పు షాపువాడిదీ కాదు, స్పీకర్లదీ కాదు. అవి ఏ గదిలో ఉన్నాయో వాటికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అదే సెట్టును ఆదిలాబాద్ వైపు పాత గూనపెంకుల ఇంట్లో పెట్టి చూడండి. పెంకుల సందుల్లోంచి, వాసాల మధ్య నుంచి బేస్ బయటికి జారిపోతుంది. 'దీంట్లో దమ్ములేదు' అంటారు. దాన్నే కరీంనగర్‌లో కొత్తగా కట్టిన స్లాబు ఇంటికి తెస్తే చెవులు దిమ్మెక్కుతాయి. పైన కాంక్రీటు, చుట్టూ సిమెంటు గోడలు, కింద నున్నటి గ్రానైటు. దేశదేశాలకూ వెళ్లే కరీంనగర్ గ్రానైటు మన హాల్లో లేకపోతే ఎలా! కాకపోతే చూపుకు అద్దంలా ఉండే ఆ బండ శబ్దానికీ అద్దమే. స్పీకర్లోంచి వచ్చిన మాట దానికి తగిలి తిరిగొచ్చి, అసలు మాటలో కలిసిపోయి గందరగోళం చేస్తుంది. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి జంపఖానా ఒకటి పరిచి, కిటికీలకు బరువైన పరదాలు కడితే మాట సగం తేటపడుతుంది. జంపఖానా లేకపోతే నానమ్మ కుట్టిన బొంతయినా చాలు.

అయితే బొంతకు బేస్ లొంగదు. అది వేరే జాతి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 14 అడుగుల పొడవున్న గదిలో 40 హెర్ట్జ్ దగ్గరి శబ్దం రెండు గోడల మధ్య ఉయ్యాలలా ఊగుతుంది. గోడల దగ్గర విపరీతంగా మోగుతుంది, నడి గదిలో దాదాపు మాయమవుతుంది. గది పొడవూ వెడల్పూ ఒకటే అయితే రెండు ఉయ్యాలలూ కలిసి ఊగుతాయి. ఇక అడగొద్దు! మనమేమో సోఫాను వెనక గోడకు ఆనించి, సబ్‌వూఫర్‌ను మూలకు తోస్తాం. రెండూ బేస్‌ను పెంచే చోట్లే. ముందు సోఫాను ఒకటి రెండు అడుగులు ముందుకు జరపండి.

సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి ఓ తమాషా పద్ధతి ఉంది. దాన్ని తీసుకెళ్లి మీరు కూర్చునే సోఫా మీదే పెట్టండి. బేస్ బాగా ఉన్న పాట ఒకటి వేయండి. ఇప్పుడు మీరు గోడల వెంబడి మోకాళ్ల మీద పాకండి. పిల్లలు నవ్వితే నవ్వనీండి! ఒకచోట గుయ్‌మంటుంది, ఇంకోచోట అసలు వినిపించదు. దరువు దరువుగా, విడివిడిగా వినిపించే చోటు ఒకటి దొరుకుతుంది. సబ్‌వూఫర్‌ను అక్కడ పెట్టి మీరు సోఫా ఎక్కండి. దాని వెనక ఫేజ్ అనే మీట ఉంటుంది... సున్నా, 180. ఒకరు దాన్ని మారుస్తుంటే మీరు కూర్చుని వినండి. బేస్ ఎందులో నిండుగా ఉంటే అదే సరైనది.

ఇక మాటల సంగతి. 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా. ఆరు ట్రాకుల శబ్దంతో వచ్చింది. మన ఇంటి 5.1లోనూ దారులు ఆరే. ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది టీవీ దగ్గరుండే సెంటర్ స్పీకర్ నుంచే. దాన్ని షోకేసు కింది అరలో, బొమ్మల వెనక పెడితే మాటలు మన మోకాళ్లకే వినిపిస్తాయి! అర అంచు దాకా ముందుకు లాగి, మూతి కాస్త పైకెత్తండి. రిమోట్‌లో సెంటర్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. ముందు స్పీకర్లు రెండూ, మీరూ కలిసి సమాన త్రిభుజంలా ఉండాలి. సరౌండ్ స్పీకర్లు మీకు పక్కన, కొద్దిగా వెనక, చెవికన్నా కాస్త పైన ఉంటే సరి.

సెటప్ మెనూలో స్పీకర్ ఎంత దూరంలో ఉందో అడుగుతుంది. ఉజ్జాయింపుగా కొట్టేయకుండా టేపుతో కొలవండి. అడుగు దూరానికి దాదాపు ఒక మిల్లీసెకను తేడా వస్తుంది. స్పీకర్ సైజు అడిగితే గొప్పకు పోయి 'లార్జ్' అనకండి. 'స్మాల్' అని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అంతకన్నా కింది బరువంతా సబ్‌వూఫర్ మోస్తుంది. చేతిలో ఇమిడే బుల్లి స్పీకర్లయితే 120 దాకా పోవచ్చు. రిసీవర్‌తోపాటు మైకు వచ్చి ఉంటే ఈ లెక్కలు చాలావరకు అదే చేస్తుంది. దాన్ని సోఫాలో చెవి ఎత్తున నిలబెట్టి, ఫ్యానూ కూలరూ కట్టేయాలి. ఎండాకాలం ఇక్కడ కూలర్ ఆపడమంటే చిన్న త్యాగం కాదు కానీ, ఓ పది నిమిషాలే! ఆ హోరులో కొలిస్తే మైకు లెక్క తప్పుతుంది.

అన్నీ అయ్యాక సబ్‌వూఫర్ సౌండును ఇంకాస్త తగ్గించి వినండి. బారాత్‌లో డీజే బండి ముందు ఎగిరిన కుర్రాళ్లకు మొదట చప్పగానే అనిపిస్తుంది. రెండు సినిమాలు చూస్తే అలవాటైపోతుంది.

రాత్రి సంగతి వేరు. బేస్ గోడ దాటి పోతుంది. పక్కింటికీ మీకూ ఉమ్మడి గోడ ఉంటే సబ్‌వూఫర్ దాని దగ్గర వద్దు, కింద మందపాటి రబ్బరు పలక వేయండి. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. చాలా రిసీవర్లలో నైట్ మోడ్ ఉంటుంది. అది పేలుడును అణచి, గుసగుసను పైకి తెస్తుంది. పగలైనా సరే, నానమ్మ సినిమాకు కూర్చున్నప్పుడు అదే పెట్టండి.