కొలబద్ద లేని చోట



పరీక్షా పత్రం చేతికి రాగానే మీరు మొదట మీ మార్కులను చూస్తారు. వెంటనే పక్కన కూర్చున్న మిత్రుని పత్రం వైపు చూస్తారు. ఎనభై వచ్చాయన్న మీ సంతోషం, అతనికి తొంభై వచ్చాయని తెలియగానే తగ్గిపోతుంది. మీ మార్కులేమీ తగ్గలేదు కదా! మరి ఎందుకిలా?

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లో దీనికి కారణం వివరించారు. తన శక్తి ఎంతో తెలుసుకోవాలనే కోరిక మనిషికి సహజం. ఎత్తును కొలవడానికి టేపు, బరువును తూచడానికి త్రాసు ఉన్నాయి. బాగా పాడుతున్నామా, చక్కగా మాట్లాడుతున్నామా అని కొలిచే సాధనం లేదు. అందుచేత మనవంటి వారినే కొలబద్దగా చేసుకుంటాము. కాబట్టి పోల్చుకోవడం దుర్గుణం కాదు. అది తనను తాను తెలుసుకునే ప్రయత్నం.

అయితే ఈ కొలబద్దకు నిలకడ లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో పతకాలు పొందినవారి ముఖకవళికలను కొందరు పరిశోధకులు పరిశీలించి, 1995లో ఫలితాన్ని ప్రకటించారు. రజత పతకం పొందినవారికంటె కాంస్యం పొందినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారట! రజతం పొందినవారి మనసు చేజారిన స్వర్ణం మీద ఉంటుంది. కాంస్యం పొందినవారు, ఏ పతకమూ దక్కనివారిని తలచుకొని తృప్తి పడతారు. మన మలేషియాకు తొలి ఒలింపిక్ పతకం ఆ క్రీడలలోనే లభించింది. బ్యాడ్మింటన్ జంటల పోటీలో రజీఫ్, జలానీ సిదెక్ సోదరులు సాధించిన ఆ పతకం కాంస్యమే. దానిని మనము మూడవ స్థానమని కాక, మొదటి పతకమని చెప్పుకుంటున్నాము.

ఇక మన తెలుగు సంగతి. ఆంధ్రదేశం నుండి వచ్చిన బంధువుల పిల్లలు గలగలా మాట్లాడుతుంటే, మీలో కొందరు మౌనంగా ఉండిపోతారు. తమ మాటలో మలయ్, తమిళం, ఇంగ్లీషు కలుస్తాయని వారికి సిగ్గు. ఇక్కడ తప్పు మీ తెలుగుది కాదు, మీరు ఎంచుకున్న కొలబద్దది. ఆ పిల్లలు ఇంటా బయటా రోజంతా తెలుగు వింటారు. మీరు దానిని తరగతిలో కొద్ది గంటలు, ఇంటిలో కొన్ని మాటలుగా వింటారు. ఇద్దరినీ ఒకే గీటుతో కొలవడం న్యాయమా? రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో చెమటోడ్చిన మన పెద్దలు ఆ మాటను విడువక మాట్లాడారు గనుకనే అది మీ వరకు వచ్చింది. సిగ్గుతో మూసుకున్న నోట ఏ భాషా నిలువదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. "వాళ్ళను చూసి నేర్చుకో" అని మీరు మంచి మనసుతోనే అంటారు. పిల్లల చెవికి మాత్రం "నీవు తక్కువ" అనే వినబడుతుంది. వారి పోయిన ఏటి తెలుగు పుస్తకాన్ని తీసి, ఈ ఏటి పుస్తకం పక్కన పెట్టి చూపండి. ఆ పోలిక వారికి ధైర్యాన్నిస్తుంది.

విద్యార్థులారా, మీకంటె బాగా మాట్లాడేవారు ఎదురైతే "నాకంటె ఎంత ఎక్కువ?" అని కాక, "ఎలా నేర్చుకున్నావు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు అసూయ తప్ప జవాబు లేదు. రెండవదానికి ఒక పాఠం దొరుకుతుంది. ఈసారి బంధువులు వచ్చినప్పుడు ముందుగా మీరే తెలుగులో పలకరించండి. తెలియని మాట అడిగి తెలుసుకోండి. వారికి తెలియని మలయ్ మాట ఒకటి మీరు నేర్పండి.